మోకాళ్లూ మంచు కొండలూ

నేను ఉద్యోగం మానేసిన వారమే అరోరాలో ఉండే నా స్నేహితురాలి కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. ఫిజికల్ థెరపీ చదువు ఈ మధ్యే పూర్తి చేసి మొదటి ఉద్యోగంలో చేరబోతోంది.

"ఆంటీ, కంగ్రాట్స్! ఒక క్వశ్చన్ అడగాలి. స్కూల్లో అన్నీ చెప్పారు. బట్ రియల్‌గా ఈ జాబ్ ఏంటి? మీరు చెప్పు ఆంటీ, ప్లీజ్."

పేషెంట్ చెప్పేది బాగా విను, నీ నడుము జాగ్రత్తగా చూసుకో అని ఏదో చెప్పి పెట్టేశాను. పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఇన్నేళ్లు చేసిన పని గురించి అడిగితే చెప్పాల్సింది అంతేనా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ పరీక్షలు రాశానో, ఏ హోదాలో రిటైరయ్యానో ఇందులో ఉండదు. నాకు పని నేర్పింది అవి కాదు. ఒక బాసు, కొందరు పేషెంట్లు, కొన్ని మంచు కొండలు నేర్పారు. వాళ్ల గురించే చెబుతాను.

ఏం చేయాలనుకుంటున్నారు?

నేను పుట్టింది రాజమండ్రిలో. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివాను. పెళ్లయ్యాక మా ఆయన ప్రభాకర్ ఉద్యోగరీత్యా మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చి కొన్నేళ్లున్నాం. తర్వాత సాల్ట్ లేక్ సిటీకి మారాం. ఇక్కడి ఒక క్లినిక్‌లోనే నా వృత్తి జీవితం దాదాపు అంతా గడిచింది.

ఆ క్లినిక్ యజమాని గ్యారీ. ఆరడుగుల మనిషి, పెద్ద గొంతు. ఆయన మెల్లగా మాట్లాడినా రోడ్డు మీదకు వినబడేది. నేను చేరిన మొదటి వారంలో ఒక పేషెంట్‌ని చూస్తుంటే వెనక నిలబడి అంతా విన్నాడు. పేషెంట్ వెళ్లాక నన్ను పక్కకు పిలిచాడు.

"విజయా, ఎక్కడ నొప్పి అని అడిగావు. ఎప్పటినుంచి అని అడిగావు. ఏం చేస్తే ఎక్కువవుతోందో కూడా అడిగావు. ఆ మోకాలు బాగుపడితే అతను ఏం చేయాలనుకుంటున్నాడో అడగలేదు."

అప్పటినుంచి అదే నా మొదటి ప్రశ్న అయింది. చాలామంది మెట్లెక్కాలి అంటారు. మనవడిని ఎత్తుకోవాలి అంటారు. మన తెలుగు పెద్దవాళ్లయితే "కింద కూర్చుని పూజ చేసుకుంటే చాలమ్మా" అంటారు. ఏం చెప్పినా సరే, చికిత్స అంతా దాని చుట్టూ నడవాలి. మనిషికి ఇష్టమైన పని చేతిలో పెడితే వ్యాయామం చేయమని బతిమాలుకోవాల్సిన అవసరం ఉండదు.

గ్యారీలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కట్టే విజిట్లు అయిపోవస్తుంటే ఆయనకు తొందర మొదలయ్యేది. "మెట్లెక్కుతున్నారా? ఇంక మన పని అయిపోయింది," అనేవాడు. ఈ ప్రశ్న నేర్పినవాడే దాని జవాబు వినే ఓపిక లేకుండా ఉండటం నాకు చిత్రంగా ఉండేది. బాసులు అలాగే ఉంటారు. వాళ్లు పాటించని మంచి మాటను కూడా మనం తీసుకోవచ్చు.

కార్పెట్ మీద స్కీలు

మార్గరెట్ నా దగ్గరకు వచ్చిన రోజున ఊళ్లో ఆకులు రాలుతున్నాయి. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. డెబ్భైకి దగ్గర్లో ఉంది. కుడి మోకాలు మార్చారు. కుట్లు మానాయి, వాపు ఇంకా ఉంది.

"ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడిగాను.

"మార్చిలో ఒక కొండ ఎక్కాలి. స్కీల మీద."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. "లిఫ్టులో పైకెళ్లి జారుతూ దిగడమే కదా?"

"లిఫ్టు లేదు, టికెట్టు లేదు, కాఫీ కొట్టు లేదు. నా కాళ్లే లిఫ్టు," అని నవ్వింది.

అప్పుడు వివరంగా చెప్పింది. కాళ్లకు తగిలించుకునే పొడవాటి స్కీ పలకల అడుగున నూగు పట్టీలు అతికిస్తారు. వాటిని స్కిన్స్ అంటారు. ఆ నూగు ఒకవైపే వాలి ఉంటుంది కాబట్టి స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. మడమ పైకి లేచేలా బూటు బిగించుకుని మనుషులు లేని అడవి కొండల్లో మెల్లగా నడుస్తూ ఎక్కుతారు. పైకెళ్లాక పట్టీలు పీకేసి, మడమ బిగించి, ఎవరూ తొక్కని మంచు మీద కిందికి దిగుతారు.

"ఎక్కడానికి ఎంతసేపు?"

"పొద్దునంతా."

"దిగడానికి?"

"ఒక పాట పాడుకునేంతసేపు."

"మరి ఎందుకండీ అంత కష్టం?"

"ఎక్కేటప్పుడు మాట్లాడుకుంటాం," అంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు వద్దన్నాడు. గ్యారీ మెట్లు ఎక్కిస్తే చాలన్నాడు. వద్దనడం మన వృత్తిలో అన్నిటికంటే తేలిక. వద్దన్నందుకు మనల్ని ఎవరూ తప్పుపట్టరు. దానికి మూల్యం పేషెంట్ ఒక్కరే కడతారు, అది కూడా ఇంట్లో కూర్చుని, మన కంటికి కనబడకుండా. వయసు అనేది రోగం పేరు కాదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మోకాలి బలం కొలవచ్చు, వంపు కొలవచ్చు, నిలకడ కొలవచ్చు. కొలిచి చూసి మాట్లాడాలి.

అయితే నాకో చిక్కు వచ్చింది. ఆవిడ చేయబోయే కదలికలు నేనెప్పుడూ చూడలేదు. చూడనిదానికి ఏ వ్యాయామం ఇవ్వను? అందుకని ఈసారి వచ్చేటప్పుడు ఆ సామానంతా తెమ్మన్నాను.

తెచ్చింది. మా హాల్లో, ఆసరాగా పట్టుకుని నడిచే రెండు కడ్డీల మధ్య, బూట్లు స్కీలు తగిలించుకుని నిలబడింది. కొండను ఏటవాలుగా ఎక్కుతూ మలుపు తిరిగేటప్పుడు ఒక కాలిని స్కీతో సహా ఎత్తి, పూర్తిగా అటువైపుకు తిప్పి పెట్టాలట. అది చేయబోయి తూలింది. నేను నడుం బెల్టు పట్టుకుని ఆపాను. మళ్లీ చేయించాను. నాలుగోసారికి తెలిసింది, ఇబ్బంది మోకాలిలో కాదు, తుంటిలో ఉందని. ఆపరేషన్‌కు ముందు ఏళ్ల తరబడి కుంటుతూ నడిచి తుంటి కండరాలు నీరసించిపోయాయి. అందరం కొత్త మోకాలినే చూస్తూ కూర్చున్నాం.

అప్పుడే గ్యారీ లోపలికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"విజయా, ఈ కార్పెట్ ఎవరు మారుస్తారు?"

"ముందు తుంటి సంగతి చూడు గ్యారీ," అన్నాను.

చూశాడు. వంగి, ఆవిడ నడుము మీద చేయి వేసి, కాలు ఎత్తించి చూశాడు. "నిజమే," అని, ఇంకొన్ని విజిట్లు ఇమ్మని ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయడానికి తనే లోపలికెళ్లాడు. అలాంటప్పుడు ఆయన మీద కోపం పోయేది.

మార్చిలో మార్గరెట్ కొండ ఎక్కింది. మర్నాడు క్లినిక్‌కు ఫోన్ చేసి, నాకు ఆ విషయం చెప్పి, "నువ్వు నన్ను పంపిన చోటు నువ్వు చూడలేదు. అది న్యాయం కాదు. నీకు బుధవారాలు సెలవే కదా? వచ్చే వారం మాతో రా," అంది.

ఎవరూ గెలవని ఆట

ఆ కొండల కింద ఎన్నో ఏళ్లుగా ఉంటున్నాను. చలికాలంలో వాటిని వంటింటి కిటికీలోంచి చూడటమే తప్ప దగ్గరకు పోయింది లేదు. మనవాళ్లకు మంచు అంటే ఇంటి ముందు డ్రైవ్‌వేలో పారతో ఎత్తిపోసే చాకిరీ. చలికాలమంతా ఒకరి బేస్‌మెంట్ నుంచి ఇంకొకరి బేస్‌మెంట్‌కు తిరుగుతూ, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లు తిని బరువు పెరుగుతాం. నాకప్పుడు యాభై దాటాయి. ప్రభాకర్ నా వైపు వింతగా చూశాడు.

"నీ మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి కదా. ఎందుకు వాటిని పాడుచేసుకోవడం?"

"పాడైతే బాగుచేయడం నాకు వచ్చు," అన్నాను.

మొదటిరోజు స్కీలు కాదు, మంచులో దిగబడకుండా నడిచే వెడల్పాటి పలకలు కాళ్లకు కట్టారు. వాళ్లు ప్రతి బుధవారం వెళ్లే గుంపు. అందరూ రిటైరైనవాళ్లే. వాళ్లకు పెద్దదిక్కు వాల్టర్ అనే పళ్ల డాక్టరు. మార్గరెట్‌కంటే కొంచెం పెద్ద. పొడవుగా, సన్నగా ఉంటాడు. కారు దిగగానే నా చేతిలో ఒక పార, మడిచిన పొడవాటి కడ్డీ, ఛాతీకి కట్టుకునే బీకన్ పెట్టాడు. మంచు చరియ విరిగిపడి మనిషి దాని కింద కూరుకుపోతే, ఆ బీకన్ పంపే సంకేతం పట్టుకుని వెతుకుతారు, కడ్డీతో గుచ్చి చూస్తారు, పారతో తవ్వుతారు. ఆయన తన బీకన్‌ను ఒక సంచిలో పెట్టి మంచులో పాతేసి నాతో వెతికించాడు. నేను పక్క పొద చుట్టూ తిరుగుతుంటే అందరూ ఓపిగ్గా నిలబడ్డారు. దొరికేదాకా ఎవరూ కదల్లేదు.

ఆయన ఇంకో సంగతి చెప్పాడు. "గుంపులో ఎవరు వద్దన్నా అందరం వెనక్కి తిరుగుతాం. కారణం అడగం."

ఆ రోజు నేను చూసింది ఇక్కడ సరిగ్గా రాయగలనో లేదో. ఆస్పెన్ చెట్ల మధ్య మంచు మీద స్కిన్స్ రాసుకుపోయే సన్నటి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అందరూ మాట్లాడగలిగేంత మెల్లగానే నడిచారు. ఎవరికైనా ఆయాసం వస్తే మిగతావాళ్లకు ఫోటోలు తీసుకోవాలనిపించేది. పైన గట్టు మీద గాలికి మరుగ్గా కూర్చున్నాం. నేను ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళ్లాను. గ్లాసుల్లో పోసిచ్చాను. వాల్టర్ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "దీని గురించి ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు. తర్వాత వాళ్లు స్కీలు బిగించుకుని ఒకరి తర్వాత ఒకరు దిగారు. తల నెరిసిన మనుషులు చిన్నపిల్లల్లా కేకలు పెడుతూ పోయారు. నేను పలకల మీద తిప్పలుపడుతూ దిగేసరికి కింద అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వారమే స్కీ పాఠాల్లో చేరాను.

నేర్చుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. పిల్లలు దిగే చిన్న వాలు మీద నాలుగేళ్ల పాప నన్ను తప్పించుకుంటూ పోయి, వెనక్కి తిరిగి "ఆర్ యూ ఓకే?" అని అడిగింది. పడటం, లేవడం పేషెంట్లకు నేర్పేదాన్ని. మంచులో కాళ్లు మెలిపడి, లేవడానికి పట్టు దొరక్క కొట్టుకుంటుంటే వాళ్ల భయం ఏమిటో తెలిసింది. తర్వాత నా పేషెంట్లతో నేను మాట్లాడే తీరు మారింది. "భయపడకండి" అనడం మానేశాను. "భయంగా ఉందా? సరే, ఇక్కడ పట్టుకోండి," అనేదాన్ని.

కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లు స్కీయింగే నేర్చుకోనక్కర్లేదు. ఒంటికి కొత్తదీ కష్టమైనదీ ఏదో ఒకటి, యాభై దాటాకైనా సరే, నేర్చుకోండి. లేకపోతే పేషెంట్ పడే అవస్థ మీకు పుస్తకంలో మాటగానే ఉండిపోతుంది.

శ్రీకాంత్

కొన్నేళ్ల తర్వాత శ్రీకాంత్ వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి, నలభై దాటాయి. ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ చేసి, ఇళ్ల ధరలు భరించలేక ఇటు మారాడు. ఆఫీసులో అందరూ స్కీయింగ్ చేస్తారని తనూ లిఫ్టులుండే స్కీ రిసార్టులో మొదలుపెట్టి, బాగానే నేర్చుకుని, ఒకరోజు పడి మోకాలి లిగమెంట్ తెంపుకున్నాడు. ఆపరేషన్ అయింది.

"ఏం చేయాలనుకుంటున్నావు?"

"అక్కా, లంచ్‌ల అందరు గదే మాట్లాడ్తరు. ఏ రన్ కొట్టినవ్, ఎంత స్పీడ్ వచ్చిందని. నేనొక్కన్నే బిర్యానీ తినుకుంట కూసునేటోన్ని. మళ్లా స్టార్ట్ చెయ్యాలె."

అతని చేతి గడియారం అడుగులు, గుండె వేగం, నిద్ర అన్నీ లెక్కపెట్టేది. చెప్పినదానికి రెట్టింపు వ్యాయామం చేసి మోకాలు వాపు తెచ్చుకునేవాడు. ఇలాంటి పేషెంట్లు బద్ధకస్తులకంటే కష్టం. ఆకులు రాలే కాలం వచ్చేసరికి ఒంటికాలి గెంతు పరీక్షలో ఇంకొంచెం వెనకబడి ఉన్నాడు. ఈ ఏడాది రిసార్టులో వేగంగా దిగడానికి ఒప్పుకోనన్నాను. ముఖం ముడుచుకుని వెళ్లాడు. తర్వాత రెండు వారాలు రాలేదు.

వచ్చాక చెప్పాడు. "లేఆఫ్ అయింది అక్కా. హెచ్‌వన్ వీసా పాయె. మా ఆవిడ వీసా మీద డిపెండెంట్‌గా మారిన. మస్తు టైముంది ఇగ." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

మోకాలికి మెల్లగా ఎక్కడం మంచిదే. మనసుకు కూడా మంచిదనిపించింది. "బుధవారం మాతో రా," అన్నాను.

వచ్చాడు. కారు పార్క్ చేసిన చోట తల నెరిసినవాళ్లందరినీ చూసి నా చెవిలో, "అక్కా, గీళ్లా మీ టీం?" అన్నాడు. గంట తర్వాత వాల్టర్ వెనక నడుస్తూ ఆయాసపడుతున్నాడు. మొదట్లో గడియారం చూసుకునేవాడు. మూడోవారం చలికి దాని బ్యాటరీ అయిపోయింది. తర్వాత పెట్టుకురాలేదు.

జనవరిలో ఒకరోజు మంచి ఎండ. ముందురోజు రాత్రి కొత్త మంచు కురిసింది. పెద్ద గిన్నెలా పరుచుకున్న వాలు మీదుగా దిగాలని పైకెళ్లాం. అక్కడ అంచు మీద నిలబడ్డాక శ్రీకాంత్ ముఖం పాలిపోయింది. అందరిలోకీ చిన్నవాడు, బలమైనవాడు. స్కీ కర్రల వైపు చూస్తూ, "ఐ యామ్ సారీ. ఐ సే నో," అన్నాడు.

"సరే," అన్నాడు వాల్టర్. మార్గరెట్ అప్పటికే తన స్కీలు వెనక్కి తిప్పుతోంది. ఎక్కివచ్చిన దారినే చెట్ల మధ్యగా దిగిపోయాం. దారిలో మార్గరెట్ తను బేక్ చేసిన నిమ్మకాయ కేకు గురించి మాట్లాడింది. ఎవరూ ఆ వాలు సంగతి ఎత్తలేదు.

ఇంటికెళ్తుంటే కార్లో శ్రీకాంతే ఆ సంగతి ఎత్తాడు.

"అక్కా, ఆఫీస్‌ల నో అంటే మీటింగ్ పెట్టి ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాలె. ఈళ్లు ఒక్కళ్లు గూడ ఎందుకని అడగలే."

"చెప్పాలనుందా నీకు?"

"లేదు," అన్నాడు. మళ్లీ తనే, "మోకాలు గాదు అక్కా. గుండె దడదడ కొట్టుకున్నది," అన్నాడు.

నేను అతని మోకాలికి చేసిన చికిత్స ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ రోజు ఆ ముసలివాళ్లు చేసిన చికిత్స నాకు చేతనయ్యేది కాదు.

అడవిలో

ఆ మార్చిలో వాల్టర్ పడ్డాడు. భయంకరమైన వాలు మీద కాదు. రోజంతా బాగా గడిచి, కిందికి దాదాపు వచ్చేసి, ఆస్పెన్ చెట్ల మధ్య పైపొర గడ్డకట్టిన మంచులో ఒక స్కీ ఇరుక్కుపోయింది. మనిషి ఒకవైపు తిరిగాడు, కాలు తిరగలేదు. నేను వెనకే ఉన్నాను. ఆ చప్పుడు విన్నాను.

ఆ రోజు మేం నలుగురం. వాల్టర్, మార్గరెట్, శ్రీకాంత్, నేను. దగ్గరకెళ్లి మోకరిల్లాను. బూటు పైన కాలి ఎముక విరిగింది. చర్మం తెగలేదు. బూటు వదులు చేసి వేళ్లు కదపమన్నాను. కదిపాడు. పాదం వెచ్చగానే ఉంది. సంచి వీపు భాగంలో ఉండే స్పాంజి పలకను తీసి కాలి చుట్టూ మడిచి, స్కీలు కట్టే పట్టీలతో బిగించాను. ఫోన్లు పనిచేయవు. మార్గరెట్ దగ్గర ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరం ఉంది. దాంతో సహాయం అడిగింది. అయితే వచ్చేవాళ్లకు చెట్లలో మేం కనబడం. ఎవరో ఒకరు రోడ్డు దాకా వెళ్లి వాళ్లను తీసుకురావాలి. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు. దారి మార్గరెట్‌కు తెలుసు, బలం శ్రీకాంత్‌కు ఉంది.

శ్రీకాంత్ నా వైపు చూశాడు. "అక్కా, నా మోకాలు ఓకేనా?"

"ఓకే. మెల్లగా వెళ్లు. మార్గరెట్ వెనకే ఉండు."

వాళ్లు చెట్ల మధ్య కనుమరుగయ్యాక వాల్టర్ కింద స్కీలు, సంచులు పరిచాం. పరిచాం అంటే నేను పరుస్తుంటే ఆయన సలహాలిచ్చాడు. అందరం వదిలిన జాకెట్లు కప్పాను. గాలి వచ్చే వైపు మంచుతో గోడ కట్టాను. చాక్లెట్ తినిపించాను. మాట్లాడుతూ ఉండాలి కదా, అడిగాను, ఈ బుధవారాలు ఎలా మొదలయ్యాయని.

"నా భార్య చనిపోయిన ఏడాది నేను బయటికి రాలేదు," అన్నాడు. "ఫోన్ తీసేవాణ్ని కాదు. ఒక బుధవారం పొద్దున మార్గరెట్ వచ్చి తలుపు బాదింది. తీయలేదు. ఆమె వెళ్లిపోలేదు. మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తినడం మొదలుపెట్టింది. చలిలో. నాకే సిగ్గేసి బయటికొచ్చాను."

కాసేపటికి ఆయనకు చలికి వణుకు మొదలైంది. ఆయన వెనక కూర్చుని వీపుకు వీపు ఆనించాను. ఎండ కొండ వెనక్కి పోతుండగా కింద నుంచి మాటలు వినబడ్డాయి. రెస్క్యూ వాలంటీర్లు మంచు మీద జారే స్లెడ్ బండిని లాక్కుంటూ వస్తున్నారు. వాళ్ల ముందు శ్రీకాంత్, చెమటలు కారుతూ దారి చూపిస్తున్నాడు. మార్గరెట్ ఎక్కడని అడిగితే వెనక తిరిగి చూపించాడు. కొత్త మోకాలితో ఆవిడ కూడా మళ్లీ ఎక్కి వస్తోంది.

లిండా అడిగింది

కాలిలో రాడ్ వేశారు. కొన్ని వారాల తర్వాత వాల్టర్ మా క్లినిక్‌కే వచ్చాడు. కేసు నాకే ఇమ్మని గ్యారీని అడిగాను.

"ఇవ్వను. స్నేహితుడి కాలు నీ కంటికి సరిగ్గా కనబడదు," అన్నాడు. తనే చూశాడు. కుర్రాళ్లకు అప్పగించకుండా, రిటైర్‌మెంట్‌కు దగ్గరైన మనిషి ప్రతి విజిట్‌కూ తనే చేశాడు. గ్యారీ మాట కఠినంగా తోచింది కానీ సరైనదే. ఈ పనిలో మీకు ఇష్టమైనవాళ్ల బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పడం నేర్చుకోవాలి.

వాల్టర్‌కు ఒక్కతే కూతురు, లిండా. సియాటిల్‌లో ఉంటుంది. యాభై ఏళ్ల మనిషి. తండ్రిని చూసుకోవడానికి సెలవు పెట్టి వచ్చింది. ఒకరోజు ఆయన లోపల వ్యాయామం చేస్తుంటే నన్ను వరండాలో ఆపింది.

"మీరు మెడికల్ ప్రొఫెషనల్. మా నాన్న మీ మాట వింటారు. ఇంక కొండలెక్కడం అయిపోయిందని మీరు చెప్పండి."

నేను జవాబిచ్చేలోపే ఆమె మళ్లీ అంది.

"మా అమ్మ పోయినప్పుడు నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఇప్పుడు మళ్లీ ఆఫీసులో ఉండగానే వచ్చింది. ఇంకో ఫోన్ నేను ఎత్తలేను." ఏడవకూడదని పెదవి బిగబట్టింది.

ఆమె మాటల్లో నాకు తప్పేమీ కనబడలేదు. లోపలికెళ్లి గ్యారీని అడిగాను, ఏం చెప్పమంటావని.

"ఏం కోరుకోవాలో ఆయనకు చెప్పకు. ఆ కాలు ఏం చేయగలదో చెప్పు, ఏం చేయలేదో చెప్పు. తర్వాత నోరు మూసుకో," అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన దగ్గర పనిచేశాను. ఇంతకంటే మంచి మాట చెప్పిన గుర్తు లేదు.

ఆ ఆదివారం వాల్టర్ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆయన, లిండా, మార్గరెట్, నేను. గ్యారీ తీసిన కొలతలు వాల్టర్ అనుమతితో నేనే చెప్పాను. ఎముక బాగా అతుకుతోంది. వచ్చే చలికాలానికి నడక, ఎక్కడం రెండూ కుదురుతాయి. కానీ నిలకడ తగ్గింది. తూలినప్పుడు సర్దుకోవడానికి ఇదివరకటికంటే ఎక్కువ సమయం పడుతోంది. నిట్టనిలువు వాలు మీద గట్టి మంచులో అంత సమయం దొరకదు. చదునుగా ఉండే పచ్చిక మైదానాల్లో దొరుకుతుంది.

"అంటే పెద్ద వాలు అయిపోయినట్టే," అన్నాడు వాల్టర్.

"అవును."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. లిండా గెలిచిన మనిషిలా లేదు. తండ్రి భుజం మీద చేయి వేయాలా వద్దా అన్నట్టు కూర్చుంది. చివరికి వాల్టరే అన్నాడు, "మీరు వెళ్లండి. నా కోసం మానకండి."

"చిన్న కొండలు చాలా ఉన్నాయి. వాటి మీద మనమెప్పుడూ సరిగ్గా తిరగలేదు," అంది మార్గరెట్, టీలో చక్కెర కలుపుకుంటూ.

లిండా అప్పుడు అడిగింది, "ఆ చిన్న కొండల మీద మా నాన్నకు ఏమీ కాదని మీరు మాటివ్వగలరా?"

"ఇవ్వలేను," అన్నాను. "ఇంటి ముందు మంచులో చెత్తబుట్ట బయటపెట్టడానికి వెళ్లినా ఇవ్వలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆయన ఒక్కరే ఉండరు."

లిండా తలూపలేదు. వాదించలేదు కూడా.

తర్వాత

శ్రీకాంత్‌కు వేసవిలో ఉద్యోగం దొరికింది, నేను వదిలివచ్చిన ట్రాయ్‌లోనే. "అక్కా, ఈడ కొండల్లేవు. పార్కుల మంచు మీద స్కీలేసుకొని తిరుగుతున్నం. మా టీం కెల్లి ఇంకిద్దరు తెలుగోళ్లు వస్తున్నరు. ఒకాయనకు యాభై ఎనిమిది. మస్తు పడుతుండు," అని చలికాలంలో ఫోన్ చేసి నవ్వాడు. ఎంత దూరం, ఎంత వేగం అని చెప్పలేదు. నేనూ అడగలేదు.

గ్యారీ క్లినిక్ అమ్మేసి అరిజోనా ఎండకు పోయాడు. నేను ఆ తర్వాత కొంతకాలం చేసి మానేశాను. చెప్పుకోదగ్గ బాధేమీ లేదు. చేతుల నిండా పని ఉన్న వృత్తి దొరికింది, దాని వెంబడి ఊహించని స్నేహితులు దొరికారు. వృత్తిలోకి వస్తున్న పిల్లలు ఎవరైనా నన్నిప్పుడు ఈ జాబ్ రియల్‌గా ఏంటని అడిగితే, మనిషి వెళ్లాలనుకునే చోటికి ఎంతవరకు వెళ్లగలరో కలిసి కనుక్కోవడం అంటాను. కొన్నిసార్లు అంతవరకు వెంట నడవడం కూడా.

వాల్టర్ పడిన తర్వాతి చలికాలం, క్రిస్మస్ సెలవులకు లిండా వచ్చింది. బుధవారం పొద్దున మేం కార్ల దగ్గర సామాను దించుతుంటే తండ్రితో పాటు ఆమె కూడా దిగింది. అద్దెకు తెచ్చిన స్కీలు, కొత్త బూట్లు. ఆమె ఒళ్లు కాస్త బరువే. ఊళ్లోనే చలి కొరుకుతోంది, పైన ఇంకా ఎక్కువ. బీకన్ కట్టుకుని, వెతకడం నేర్చుకుని, స్కిన్స్ ఎలా అతికించాలో మార్గరెట్ దగ్గర చూసింది. వాల్టర్ ఏమీ మాట్లాడకుండా ఆమె బూటు బకిల్ బిగించాడు.

అందరం బయల్దేరబోతుంటే లిండా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"మీరంతా ముందు వెళ్లండి. నేను చాలా స్లో. మిమ్మల్ని ఆపడం నాకిష్టం లేదు. వెనక మెల్లగా వస్తాను."

వాల్టర్ కర్రతో ఎదురుగా ఎవరూ తొక్కని తెల్లటి మంచు వైపు చూపించాడు.

"అయితే నువ్వే ముందు నడవాలి," అన్నాడు.

ఆమె నమ్మనట్టు మా ముఖాలు చూసింది. తర్వాత ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. ఆమె వెనక వాల్టర్, ఆయన వెనక మార్గరెట్, ఆ వెనక నేను. నాలుగడుగులు వేసి ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. మేమూ ఆగాం. మళ్లీ కదిలింది. మేమూ కదిలాం.